మట్టాల ఆఫీసులో మౌనగీతం

జలమట్టాల నమోదు శాఖ ఏం చేస్తుందని అడిగేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఆ శాఖలోనే ఇద్దరు ముగ్గురున్నారు. నిజానికి పని చిన్నది. కాలవల్లో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో పొద్దున్నే చూసి పుస్తకంలో రాయాలి. పెరిగితే పెరిగాయని, తరిగితే తరిగాయని, పుస్తకమే నీళ్ళలో పడితే కొత్త పుస్తకం కావాలని రాయాలి. ఇలాంటి శాఖకి పాటెందుకని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పాట రాసింది స్వయానా కమిషనర్ గారు. పైవాడు పాడితే కిందివాడు తాళం వేయాలి గాని, తాళం చెవి ఎక్కడుందని అడగకూడదు.

పాట పేరు శాఖాగీతం. పల్లవి, మూడు చరణాలు, మొత్తం మూడు నిమిషాల నలభై సెకన్లు. దాంతోపాటు వచ్చిన సర్క్యులరు పాటకంటే పొడుగు. సారాంశం ఇది: "ప్రతి జిల్లా కార్యాలయమునందును ఉదయము సరిగ్గా పది గంటలకు కంప్యూటరు మేల్కొనిన తక్షణమే, మానవ హస్త ప్రమేయము లేకుండ, గీతము తనంత తానే ప్రసారము కావలెను. గీతము నడుచుచున్నంతసేపు సిబ్బంది యావన్మందియు చేతులు ప్రక్కలకు ఆనించి నిటారుగా నిలువవలెను. చేయి కదల్చుట గీతమునకు జరిగిన అవమానముగా పరిగణింపబడును."

అది మేల్కొనాల్సిన కంప్యూటరు సువర్ణరాజుది. అంటే అతని సొంతం కాదు, అతని ప్రాణం. సువర్ణరాజు ఆ ఆఫీసులో కాంట్రాక్టు సిస్టం ఆపరేటరు. పేరులో సువర్ణం, ఉద్యోగంలో సత్తు. ఏటా మార్చి ముప్పై ఒకటిన పొడిగింపు ఉత్తర్వు వస్తే ఏప్రిల్ ఒకటిన అతను ఉద్యోగి, రాకపోతే ఏప్రిల్ ఫూలు. భార్య సుహాసిని కాలవ అవతలి గట్టున ప్రభుత్వాసుపత్రిలో నర్సు. నాలుగేళ్ళు తిరిగితే ఈమధ్యే ఆ పోస్టింగు దొరికింది. కాపురం కూడా ఆ గట్టునే, అతను రోజూ పడవలో వచ్చి పోతాడు. ఇక్కడ ఉత్తర్వు ఆగితే అతను మూటా ముల్లె సర్దుకుని హైదరాబాదు పోవాలి. అప్పుడే నడక నేర్చిన పాప నాన్న అంటే ఫోను అనుకుంటుంది.

జూన్ ఒకటి, పొద్దున్న పది. అటెండరు నూకరత్నం మెయిన్ స్విచ్చి పైకి నెట్టింది. కంప్యూటరు మేల్కొంది. ఆ సంవత్సరమే శాఖలో కంప్యూటర్లన్నిటికీ లైనక్స్ ఎక్కించారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని సన్మానసభ పెట్టి మరీ ఎక్కించి, దాన్ని ముట్టుకునే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ లేకుండా చేశారు. తెర మీద 'శాఖాగీతం' అని అక్షరాలు వెలిగాయి. వాటి కింద ఒక గీత ఎడమనుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. పద్నాలుగు మంది నిటారుగా నిలబడ్డారు.

గీత కదులుతోంది. గీతం వినపడడం లేదు.

జిల్లా మట్టాధికారి విశ్వంభరం గారు కుడి చెవి స్పీకరు వైపు తిప్పారు. ఎడమ చెవి ఈమధ్య కాస్త మందగించిన సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు కుడిది కూడా పోయిందన్నమాట. ఆయన మొహం చూసి మిగతా పదమూడు మందీ ఎవరి చెవుల్ని వాళ్ళు అనుమానించుకున్నారు. మూడు నిమిషాల నలభై సెకన్లకి గీత కుడి అంచు చేరింది.

"బాగుంది," అన్నారు విశ్వంభరం గారు. "కాస్త మంద్రస్థాయిలో ఉంది, కాని గాంభీర్యం ఉంది."

అధికారి బాగుందన్నాక బాగులేదనడానికి ఎవరికీ ఒళ్ళు బాగులేకపోలేదు. సువర్ణరాజు ఒక్కడే కుర్చీలో కూచుని మౌసు కదిపాడు. శబ్దం సున్నా మీద ఉంది. నిండా పెంచాడు. స్పీకరు టంగుమంది. హమ్మయ్య, రేపటికి సిద్ధం అనుకున్నాడు.

రేపు మళ్ళీ సున్నా. ఎల్లుండి సున్నా. గీతం అయ్యాక రోజూ పెంచడం, తెల్లారేసరికి అది కిందికి దిగిపోవడం. గీతం ముందు పెంచుదామంటే మెయిన్ పదింటికి గాని ఎక్కదు, మెయిన్ ఎక్కగానే గీతం మొదలు. మధ్యలో పెంచుదామంటే చేయి కదల్చకూడదు.

నాలుగో రోజు సువర్ణరాజుకి జబ్బు దొరికింది. లైనక్స్ పుట్టుకతో నోరు మూసుకుని పుడుతుంది. ఎవరో ఒకరు నోరు తెరిపించాలి. తెరిపించాక, పడుకోబోయే ముందు అది ఒక చిన్న చిట్టాలో 'శబ్దం ఇంత' అని రాసుకుంటుంది. లేవగానే ఆ చిట్టా చూసుకుని అక్కణ్ణించి అందుకుంటుంది. మంచి అలవాటే. కాని దాన్ని పడుకోనివ్వాలిగా. ఈ ఆఫీసులో సాయంత్రం ఐదు కొట్టగానే నూకరత్నం మెయిన్ దించేస్తుంది. విద్యుత్ పొదుపు సర్క్యులరు. రాయబోయే చేతిలోంచి కలం లాగేసినట్టు కంప్యూటరు రోజూ చిట్టా రాయకుండానే చచ్చి, రోజూ మొదటి రోజు చిట్టాతోనే పుడుతోంది. ఆ మొదటి చిట్టాలో ఉన్నది సున్నా.

పోనీ పగలే పడుకోబెట్టి లేపుదామంటే, లేవగానే వేళకాని వేళ గీతం మొదలవుతుంది. ఐదుకి ఒక్క నిమిషం ముందు దాన్ని పడుకోబెడదామంటే, సిబ్బంది సాయంత్రం వేలిముద్రలు వేసేది ఆ కంప్యూటరు మీదే, అదీ సరిగ్గా ఐదింటికే. ఐదుకి వేలు. ఐదుకి మెయిను. మధ్యలో సందు లేదు.

అతను ఇదంతా కాగితం మీద పెట్టి సూపరింటెండెంటు అవధాని గారికిచ్చాడు. అవధాని గారు పేరుకి తగ్గట్టు ఒకేసారి ఎనిమిది ఫైళ్ళు చూస్తారు, ఎనిమిదింటినీ చూస్తూనే ఉంటారు.

"నీ బాధ అర్థమైందోయ్," అన్నారాయన. "వేలిముద్ర సర్క్యులరు పరిపాలన విభాగానిది. మెయిన్ సర్క్యులరు పొదుపు విభాగానిది. ఈ రెండిటి మధ్య నువ్వడిగే నిమిషం ఏ విభాగం పరిధిలోకి వస్తుందో పైకి రాసి అడగాలి."

"అడుగుదామండి."

"అడిగాక జవాబు రావాలి కదా."

అడిగారు. జవాబు రాలేదు. ఈలోపు నెలవారీ నివేదిక వేళ అయింది. అందులో గడి: గీతము ప్రసారమైనదా? అవును, కాదు. వినపడినదా అనే గడి లేదు. గీత కదిలింది కాబట్టి అవధాని గారు అవును అని టిక్కు పెట్టారు. ఇతర విశేషములు అన్నచోట ఖాళీగా వదిలితే బావుండదని, "సిబ్బంది సంపూర్ణ నిశ్శబ్దమునందు గీతమును ఆలకించుచున్నారు" అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ప్రతి నెలా అదే రాశారు, ఎందుకంటే ఒకసారి రాసింది మార్చితే మొదటిసారి ఎందుకు రాశావని అడుగుతారు.

ఇంకో చిక్కు వచ్చింది. పాట వినపడదు గనక ఎప్పుడు అయిపోయిందో వెనక వరసవాళ్ళకి తెలియదు. ఒకరోజు డ్రాఫ్టుమను పావుగంట నిలబడ్డాడు. అప్పుడు నూకరత్నాన్ని తెర పక్కన నిలబెట్టి, కాలవ మీద లాకు గేటు ఎత్తేటప్పుడు పడవలకి చూపించే ఎర్రజెండా చేతికిచ్చారు. గీత అంచు తాకగానే ఆమె జెండా దించుతుంది. జెండా దిగితే అందరూ కూచుంటారు. చేయి కదిల్చినందుకు ఆమెకి అవమానదోషం అంటుకోకుండా, జెండాని చేయిగా పరిగణించరాదని అవధాని గారు నోటు రాశారు.

శబ్దాన్ని మరమ్మతు చేయాల్సి వస్తే ఎంతకి చేయాలో కూడా సర్క్యులరులో లేదు. దానికి ముగ్గురు సభ్యుల ధ్వనిమట్ట నిర్ధారణ సంఘం వేశారు. ఆ శాఖకి తెలిసిన కొలతలు అడుగులు, అంగుళాలు. రెండు సమావేశాల తరవాత వాళ్ళు స్పీకరు పక్కన తెలుపు నలుపు పట్టీలు వేసిన కొలబద్ద పాతించారు, కాలవలో పాతేలాంటిదే. రోజూ పది గంటల నాలుగు నిమిషాలకి ఒక సభ్యుడు వంగి చూసి పుస్తకంలో రాసేవాడు: సున్నా అడుగులు. ప్రవాహం లేదు. గట్లు భద్రం.

సువర్ణరాజు ఇంకో దారి పట్టాడు. పడుకోబెట్టకుండానే ఆ చిట్టా చేత్తో రాయించవచ్చు. దానికి కంప్యూటరుకి పెద్దదిక్కయిన రూట్ పాస్‌వర్డ్ కావాలి. లైనక్స్ ఎక్కించిన కంపెనీ దాన్ని కాగితం మీద రాసిచ్చి వెళితే, ఆఫీసువాళ్ళు సీల్డ్ కవరులో పెట్టారు. ఆ కంపెనీ ఇప్పుడు పేరు మార్చుకుని రొయ్యల మేత అమ్ముతోంది. కవరు ఇనప్పెట్టెలో ఉంది. తెరవడానికి అనుమతి దసరాకి అడిగితే క్రిస్మసుకి వచ్చింది.

పంచనామా రాసి, ముగ్గురు సంతకాలు పెట్టి, విశ్వంభరం గారు స్వహస్తాలతో లక్క విరిచారు. లోపల తెల్లకాగితం. కాగితం మధ్యలో పన్నెండు అక్షరాల పాస్‌వర్డు. దాని నెత్తిన, కాగితం అందిన రోజున ఇన్‌వార్డులో గుద్దిన గుండ్రటి రబ్బరు స్టాంపు: 'అందినది'. మొదట్లో రెండక్షరాలు, చివర్లో ఒకటి బయటికి కనపడుతున్నాయి. మిగతా తొమ్మిదీ శాఖ ముద్ర కింద శాశ్వతంగా భద్రం.

అవధాని గారు కాగితాన్ని వెలుతురికి పెట్టి చూశారు. "స్టాంపు మాత్రం ఎంత స్పష్టంగా పడిందో చూడండి," అన్నారు. "ఇప్పుడలాంటి సిరా రావడం లేదు."

మార్చి వచ్చింది. ఇరవై ఆరున కమిషనర్ గారు స్వయంగా వస్తున్నట్టు ఫోను వచ్చింది. ఉదయం పదింటికి గీతానికి హాజరవుతారట. ఆఫీసుకి సున్నం పడింది, కొలబద్దకి కొత్త రంగు పడింది, సువర్ణరాజుకి పిలుపు పడింది.

"చూడు బాబూ," అన్నారు అవధాని గారు, ఈసారి ఒక్క ఫైలూ చూడకుండా. "కమిషనర్ గారి పాట కమిషనర్ గారికే వినపడకపోతే ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. పర్మినెంటువాళ్ళు బాధ్యులు కావాలంటే విచారణ, సంజాయిషీ, అప్పీలు, ఐదారేళ్ళు పడుతుంది. నీకైతే ఏమీ అక్కర్లేదు. ఉత్తర్వు రాయకుండా ఊరుకుంటే చాలు. నీ పొడిగింపు ఫైలు ఇక్కడే ఉంది. ఇరవై ఆరు అయ్యాక చూస్తాను."

ఇరవై నాలుగు సాయంత్రం సువర్ణరాజు మెయిన్ స్విచ్చి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నూకరత్నం గోడ గడియారం వైపు కళ్ళు పెట్టి, చెయ్యి హేండిలు మీద పెట్టి ఉంది.

"పిన్నీ, ఒక్క నిమిషం."

"చెప్పు, వింతన్నాను."

"చెప్పడానికి కాదు. రేపు సాయంత్రం ఒక్క నిమిషం ఆగి మెయిన్ దించు. అందరూ వేలు పెట్టాక నేను దాన్ని పద్ధతిగా పడుకోబెడతాను."

"నువ్వడిగేది నిమిషం కాదు రాజుబాబూ, ఇంక్రిమెంటు. ఎనిమిదేళ్ళ కిందట మూడు నిమిషాలు ఆలీసెంగా దించానని ఏడాదిపాటు ఆపేశారు. మూడు నిమిషాలు ఫేను తిరిగినందుకు ఏడాది నన్ను తిప్పారు."

ఐదు కొట్టింది. ఆమె హేండిలు దించింది. టక్కుమని గది నల్లబడింది.

"నా ఉత్తర్వు ఆగిపోద్ది పిన్నీ," అన్నాడు సువర్ణరాజు చీకట్లోంచి. "హైదరాబాదు పోవాలి. సుహాసిని ఒక్కతే పాపతో ఎలా నెగ్గుకొస్తుంది?"

నూకరత్నం తాళాలగుత్తి బొడ్లో దోపుకుంది.

"అది పడుకునే ముందు ఏదో రాసుకుంటాదన్నావు గదా."

"అవును."

"అయితే ఇన్నాళ్ళూ నేను దాని పీక నొక్కేత్తన్నానా."

"నువ్వు కాదు పిన్నీ, సర్క్యులరు."

"చెయ్యి నాదే గదా," అని ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి, అవధాని గారు పూలదండల కొలతలు చూసుకుంటూ ఉండగా, ఆమె ఒక కాగితం ముందు పెట్టింది. అరపూట క్యాజువల్ లీవు. కారణం: ఒంట్లో నలతగా ఉన్నందున. ఆయన దండ ఐదడుగులా ఆరడుగులా అని ఆలోచిస్తూ సంతకం చేశారు. ఆమె వెళుతూ వెళుతూ సువర్ణరాజు బల్ల దగ్గర ఆగింది.

"నిమిసం ఇత్తే మెమో. అరపూట ఇత్తే సెలవు. మన ఆఫీసులో పెద్దదే చవక," అంది.

ఐదైంది. పద్నాలుగు వేళ్ళుండాల్సిన చోట పదమూడు పడ్డాయి. అందరూ మెయిన్ వైపు చూశారు. మెయిన్ అందరి వైపూ చూసింది.

"ఎవరు దించాలి?" అన్నారు విశ్వంభరం గారు.

"బాధ్యత గల అటెండరు మాత్రమే దించవలెనని ఉందండి," అన్నారు అవధాని గారు. "ఆవిడ సెలవులో ఉంది. వేరొకరికి ఇన్‌చార్జి ఉత్తర్వు ఇవ్వాలి."

"ఇవ్వండి."

"ముందు ప్రతిపాదన పెట్టాలండి."

ప్రతిపాదన, ఆమోదం, ఉత్తర్వు, ఉత్తర్వుకి నంబరు, నంబరుకి ఎంట్రీ. మొత్తం పదకొండు నిమిషాలు. సువర్ణరాజుకి కావలసింది ఒకటే. శబ్దం నిండా పెంచాడు. 'షట్‌డౌన్' నొక్కాడు. కంప్యూటరు తీరుబడిగా దాని చిట్టా అది రాసుకుని, తొమ్మిది నెలల తరవాత మొదటిసారి తన చావు తాను చచ్చింది.

ఇరవై ఆరు. పదికి ఐదు నిమిషాలుండగా కారు దిగిన కమిషనర్ గారు మెట్ల మీదే విశ్వంభరం గారి చేయి పట్టుకున్నారు.

"మీ జిల్లా పేరు నేను ప్రతి సమావేశంలోనూ చెబుతున్నాను. ఆ మట్టం మరెవరూ అందుకోలేదు."

ఆయన ఏ మట్టం గురించి అంటున్నారో విశ్వంభరం గారికి బోధపడలేదు. కాలవ మట్టమే అనుకుని, "నాలుగడుగుల రెండంగుళాలండి," అన్నారు.

పది కొట్టింది. నూకరత్నం మెయిన్ ఎక్కించి, జెండా పట్టుకుని తెర పక్కన నిలబడింది. అందరూ చేతులు పక్కలకి ఆనించారు. సువర్ణరాజు కళ్ళు మూసుకున్నాడు.

స్పీకరు నోరు తెరిచింది.

"నీరు పైకి నీరు కిందికి నిత్యం చూచే మా కన్నులు, అంగుళమైనా అడుగైనా అవి మా అన్నాతమ్ములు" అంటూ ఎనిమిదిమంది బృందం, రెండు డప్పులు, ఒక బూర ఒక్కసారిగా మీద పడ్డాయి. కిటికీ అద్దాలు వంత పాడాయి. కాలవలో బాతులు గట్టెక్కాయి. వరద సైరను అనుకుని లాకు సూపర్వైజరు గేటు ఎత్తేశాడు. విశ్వంభరం గారి మొహం విప్పారింది. ఆయనకి రెండు చెవులూ ఉన్నాయి.

కమిషనర్ గారి మొహం మాత్రం పల్లవికి ఎర్రబడి, మొదటి చరణానికి పాలిపోయి, 'గట్టు తెగినా పట్టు వీడము, పట్టు తెగినా గట్టు వీడము' దగ్గరికి వచ్చేసరికి ఏ రంగూ మిగల్లేదు. చెవులు మూసుకుందామంటే చేయి కదల్చకూడదు. ఆ నిబంధన ఆయనదే. మూడు నిమిషాల నలభై సెకన్లూ ఆయన తన పాట తాను విన్నారు.

గీత అంచు తాకింది. పాట ఆగింది.

"ఆ రెండో చరణం," అన్నారు కమిషనర్ గారు నెమ్మదిగా. "అది కూడా నాదేనా?"

"మూడూ తమవేనండి," అన్నారు అవధాని గారు వినయంగా.

"మరి మౌనం ఏదండీ? మీ నివేదికలు చూసి కదా నేనింత దూరం వచ్చింది. సంపూర్ణ నిశ్శబ్దంలో గీతాన్ని ఆలకిస్తున్నారనేగా మిమ్మల్ని ఆదర్శంగా పెట్టాను. రాష్ట్రమంతా నిశ్శబ్దంగా ప్రసారం చేయాలని పోయిన వారమే సర్క్యులరిచ్చాను. అందలేదా?"

అవధాని గారు తపాలా బుట్టలో వెతికారు. పూలదండల కొటేషన్ల కింద అది ఉంది. చదవలేదు గాని, 'అందినది' స్టాంపు మాత్రం చక్కగా పడింది.

"మిమ్మల్ని చూసి రాష్ట్రమంతా నోరు మూసుకుంది," అన్నారు కమిషనర్ గారు. "ఇవాళ మీరు నోరు తెరిచారు. ఈ కంప్యూటరు ఎవరిది?"

నూకరత్నం తప్ప మిగతా పన్నెండు మంది చూపులు సువర్ణరాజు మీద వాలాయి. అతని కాళ్ళు అప్పుడే హైదరాబాదు బస్సెక్కాయి.

"నాదేనండి."

"నిన్నటిలాగా చెయ్యలేవా?"

"తగ్గించొచ్చండి. కాని అది నిండా అని రాసేసుకుందండి. రేపు లేవగానే మళ్ళీ ఇంతే అరుస్తుంది. ఎవరో ఒకరు రోజూ పొద్దున్న తగ్గించాలి."

"శాశ్వతంగా?"

"దానికి రూట్ పాస్‌వర్డు కావాలండి."

"అది స్టాంపు కింద ఉందండి," అన్నారు అవధాని గారు.

"వేరే దారే లేదా?"

సువర్ణరాజు నిజాయితీపరుడు. అదే అతని లోపం. "ఉందండి. సాయంత్రం ఒక్క నిమిషం గనక..."

నూకరత్నం అంతవరకూ ఎత్తిపట్టుకునే ఉన్న ఎర్రజెండాని దించింది.

తొమ్మిది నెలల అలవాటు. జెండా దిగింది, అందరూ కూచున్నారు. విశ్వంభరం గారు కూచున్నారు. పక్కన కుర్చీ ఉంది గనక కమిషనర్ గారు కూడా కూచున్నారు. సువర్ణరాజు కూచున్నాడు. కూచున్నాక చూస్తే అడిగింది ఏమిటో, చెప్పబోయింది ఏమిటో ఎవరికీ పట్టలేదు. కాఫీలు వచ్చాయి.

మార్చి ముప్పై ఒకటిన ఉత్తర్వు వచ్చింది. "కార్యాలయ కంప్యూటరునందు శబ్దము ప్రతి దినము తనంత తానే పునరుద్ధరింపబడుచున్న లోపము దృష్ట్యా, సదరు శబ్దమును ప్రతి ఉదయము తగ్గించు నిమిత్తము శ్రీ సువర్ణరాజు సేవలను పొడిగించడమైనది. గీత సమయమున చేయి కదల్చుటకు వారికి మినహాయింపు కలదు. సదరు మినహాయింపు కుడి చేతికి మాత్రమే వర్తించును. సదరు లోపము శాశ్వతముగా సవరింపబడువరకు ఈ ఉత్తర్వు అమలునందుండును."

ఆ మినహాయింపేదో పోయిన జూన్‌లోనే ఇచ్చి ఉంటే తొమ్మిది నెలల గొడవ ఉండేది కాదు. సువర్ణరాజు ఉత్తర్వు రెండుసార్లు చదివి, చివరి వాక్యం మూడోసారి చదివాడు. జేబులో పెట్టుకుని మెయిన్ దగ్గరికి వెళ్ళాడు. ఐదుకి రెండు నిమిషాలున్నాయి.

"ఏటి, మళ్ళీ నిమిసం కావాలా?" అంది నూకరత్నం గడియారం మీంచి చూపు తిప్పకుండా. "ఈ ఏడాదిలో ఇంకా సెలవులున్నాయి నాకు. దాన్ని నోరు మూయించి పడుకోబెడతానంటే అరపూట రాసిచ్చేత్తాను."

"వద్దు పిన్నీ. వాటిని మనవరాలి బారసాలకి దాచుకో."

"మరి అది రాసుకోవద్దా?"

"వద్దు. ఉన్న చిట్టా చాలు."

ఆమె అతని వంక ఒకసారి చూసింది. బయట కాలవ మీద ఆఖరి పడవ అవతలి గట్టుకి బయల్దేరేముందు మొదటి గంట కొట్టింది.

"నీ పడవ," అంది.

"ఐదు కానీ."

ఐదైంది. నూకరత్నం ఒక్క సెకను ముందు కాకుండా, ఒక్క సెకను తరవాత కాకుండా, హేండిలు గట్టిగా కిందికి లాగింది.